గుర్రానికి ఎండుగడ్డి: గోదావరి డెల్టా తేమలో కొనడం, దాచడం, పెట్టడం ఎలా

"ఎండుగడ్డితో గుర్రానికి ఇన్ఫెక్షన్ వస్తుందా అండీ?" సార్వా (ఖరీఫ్ వరి) కోతలయ్యి కొత్తగడ్డి పాకల్లోకి చేరిన పదిహేను రోజులకి ఈ ప్రశ్న మొదలవుతుంది, సంక్రాంతి దాటినా ఆగదు. పెళ్లిళ్లకి గుర్రాలు తిప్పేవాళ్లు, బీచ్ దగ్గర పిల్లల్ని ఎక్కించేవాళ్లు, రొయ్యల చెరువుల మీద డబ్బొచ్చి సరదాగా ఒక గుర్రం కొనుక్కున్న భీమవరం వైపు వాళ్లు, అందరిదీ ఇదే మాట. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

చిన్న జవాబు: బాగా ఎండిన శుభ్రమైన గడ్డితో రాదు. దాంట్లోకి తడి చేరితే బూజు పడుతుంది, ఎలుకలు చేరితే వాటి ఉచ్చా పెంటా కలుస్తాయి, చచ్చిన జీవం ఏదైనా కట్టలో ఇరుక్కుంటే విషం పుడుతుంది. అప్పుడు వస్తుంది. దాచేటప్పుడు గడ్డి గలగలలాడాలి, పెట్టేటప్పుడు తడపాలి. మనవాళ్లు చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు: దాచేచోట చెమ్మ, పెట్టేటప్పుడు పొడి దుమ్ము.

## 1. ముందు ఏది ఏ జబ్బో విడదీసుకోండి

గడ్డితో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం అసలు ఇన్ఫెక్షనే కాదు. ఇది తెలియకే యాంటీబయాటిక్ ఇంజక్షన్ల మీద డబ్బు పోతుంది.

బూజు దుమ్ముతో వచ్చే ఉబ్బసం. గడ్డి విదిలిస్తే లేచే సన్నటి దుమ్ములో ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజుల బీజాలు ఉంటాయి. వాటిని రోజూ పీల్చి పీల్చి గుర్రం ఊపిరి గొట్టాలు వాచిపోతాయి. జ్వరం ఉండదు, తిండి మామూలుగానే తింటుంది. మేత దగ్గర దగ్గుతుంది, పొద్దున్న పని మొదలెట్టగానే దగ్గుతుంది. ముదిరితే ముక్కుపుటాలు ఎగరేస్తూ, ఊపిరి వదిలేటప్పుడు పొట్ట బిగబట్టి తోస్తుంది, కొన్నాళ్లకి డొక్క కింద కండ ఒక గీతలా తేలుతుంది. ఇది ఎలర్జీ జాతి జబ్బు, పక్క గుర్రానికి అంటదు. గడ్డి మార్చకుండా ఎన్ని మందులు వాడినా మళ్లీ వస్తుంది.

బోటులిజం. గడ్డి కట్టే మిషన్‌లో ఎలుకో పామో నలిగి కట్టలో ఉండిపోయినా, గాలాడని తడి మేత కుళ్లినా క్లాస్ట్రీడియం బోటులినం అనే బాక్టీరియా విషం చేస్తుంది. ఈ విషాన్ని గుర్రం అస్సలు తట్టుకోలేదు. నాలుక వేలాడుతుంది, మింగలేదు, మేత నోట్లోంచి జారిపోతుంది, కాళ్లు వణికి పడుకుంటుంది. గంటలు లెక్క.

ఎలుకల వల్ల వచ్చేవి. పెంటతో సాల్మొనెల్లా వచ్చి విరేచనాలు పట్టుకుంటాయి. ఉచ్చతో లెప్టోస్పైరా వస్తుంది, గుర్రాల్లో అది ఎక్కువగా కంటి మీద పడుతుంది: కన్ను ఎర్రబడి నీరు కారడం, తగ్గడం, మళ్లీ రావడం. లెప్టోస్పైరా పొడిలో చచ్చిపోతుంది, తడిలో బతుకుతుంది. వరదొచ్చి దిగిన లంకల్లో దీన్ని మరిచిపోకండి.

లిస్టీరియా. పులిసి పాడైన సైలేజ్‌తో (గాలి తగలకుండా మాగేసిన పచ్చిమేతతో) వస్తుంది.

ధనుర్వాతం. గడ్డి నేరుగా తెచ్చేది కాదు గాని, గరుకు కాడలు, మిషన్ తాడులో ఉండిపోయిన తీగముక్కలు నోట్లో, పెదవి మీద గీసిన పుండులోంచి రావచ్చు. పశువులన్నింటిలో గుర్రానికి ధనుర్వాతం ముప్పు చాలా ఎక్కువ. మొదటిసారి నాలుగు వారాల తేడాతో రెండు టీకాలు, తర్వాత ఏడాదికొకటి. ఇది వేయించకుండా గడ్డి గురించి ఎంత జాగ్రత్తపడినా లాభం లేదు.

తొట్టి ద్వారా అంటేవి. స్ట్రాంగిల్స్ (దవడ కింద చీముగడ్డలు లేచే జబ్బు), గ్లాండర్స్ (ముక్కులో, చర్మం మీద పుండ్లు పడే జబ్బు). ఇవి గడ్డిలో పుట్టవు, జబ్బు గుర్రం చీమిడి పడిన తొట్టి, బకెట్, మిగుల్చిన మేత నుంచి అంటుతాయి. పెళ్లి సీజన్‌లో నాలుగు ఊళ్ల గుర్రాలు ఒకచోట కట్టి ఒకే తొట్లో వేస్తారు చూశారా, అది మానెయ్యాలి. గ్లాండర్స్ మనుషులకీ అంటుతుంది. అనుమానం వస్తే పశుసంవర్ధక శాఖకి చెప్పడం తప్పనిసరి.

ఇంకోటి: పశువులు ఉన్నట్టుండి చచ్చిపోయిన చోట, వాటిని పూడ్చిన చోట గడ్డి కోయకండి. ఆంత్రాక్స్ (దొమ్మరోగం) బీజాలు ఆ మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి.

## 2. ఏ గడ్డి తీసుకోవాలి

గరిక మొదటి ఎంపిక. కాలవగట్లమీద, కొబ్బరితోటల్లో దొరికేదే. సన్నగా ఉంటుంది, గుర్రం ఇష్టంగా తింటుంది. బాగా ముదిరి దారంలా ఎండిన గరిక మాత్రం పేగులో చుట్టుకుని అడ్డం పడే ప్రమాదం ఉంది, కాబట్టి నీళ్లు పుష్కలంగా ఉండాలి.

వరిగడ్డి మనకి చవగ్గా దొరుకుతుంది గాని గుర్రానికి పూర్తి మేత కాదు. ప్రోటీన్ మూడు నాలుగు శాతమే, ఇసుకలాంటి సిలికా ఎక్కువ, ఒక్కటే పెడితే పేడ గట్టిపడి కడుపునొప్పి వస్తుంది. నేనైతే మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వను.

వరిగడ్డిలో దాళ్వాదీ సార్వాదీ ఒకటి కాదు. దాళ్వా అంటే రబీ వరి, ఏప్రిల్ ఎండల్లో కోస్తారు కాబట్టి చేలోనే గలగలలాడుతుంది. సార్వా గడ్డికి తుఫాను వాన, రాత్రి మంచు, కింద బురద, మూడూ ఉంటాయి. చేను పడిపోయి నీళ్లలో నానాక చైన్ మిషన్‌తో (బురదలో నడిచే కోత మిషన్‌తో) కోసిన గడ్డయితే ఉచితంగా ఇచ్చినా వద్దనండి. ఏడాదికి సరిపడా గడ్డి దాళ్వాలోనే కొనిపెట్టుకోవడం అన్నిటికంటే తేలికైన జాగ్రత్త.

గుర్రానికి వద్దనుకోవాల్సినవి:

- జనుము. ఆవులకి అలవాటుగా వేస్తాం. గుర్రానికి దీని గింజలు విషం, కాలేయాన్నీ ఊపిరితిత్తుల్నీ దెబ్బతీస్తాయి. కాయలున్న ఎండు జనుము అసలు దగ్గరికి రానివ్వకండి.
- జొన్నచొప్ప. లేతదీ, వాడిపోయి మళ్లీ చిగిర్చిందీ మరీ ప్రమాదం. గుర్రాల్లో మూత్రాశయం, వెనక కాళ్ల నరాలు దెబ్బతింటాయి.
- బూజుపట్టిన మొక్కజొన్న. కంకి, చొప్ప, పిండి ఏదైనా. దాంట్లో ఫ్యుజేరియం బూజు చేసే విషం గుర్రం మెదడుని కరిగించేస్తుంది, మందు లేదు.
- సంచుల్లో వచ్చే పశువుల సైలేజ్, యూరియా కలిపి మాగేసిన గడ్డి. ఆవులకి సరే.
- కోళ్ల దాణా. గడ్డి సంగతి కాదు గాని అనపర్తి, తణుకు వైపు కోళ్లఫారాలెక్కువ కదా, మిగిలింది గుర్రానికి కలిపేవాళ్లని చూశాను. దాంట్లో మోనెన్సిన్ లాంటి మందుంటే గుర్రం గుండె ఆగిపోతుంది.

సూపర్ నేపియర్, కో-4 పచ్చగడ్డి నెలల తరబడి పెడితే వాటిలోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుని ఎముకలు మెత్తబడతాయి, మొహం ఎముక ఉబ్బుతుంది. పెట్టక తప్పకపోతే కాల్షియం ఎంత ఇవ్వాలో డాక్టర్‌ని అడగండి.

## 3. కొనే చోట చేయాల్సిన పరీక్ష

నాలుగేళ్ల కిందట డిసెంబరులో నేను నలభై కట్టలు కొన్నాను. ముసురు పట్టి రెండు రోజులు అయింది, వరసగా ముహూర్తాలున్నాయి, గుర్రాన్ని వదిలి తిరగడానికి తీరిక లేదు. పై కట్ట మీద చెయ్యి వేస్తే కొంచెం చల్లగా అనిపించింది. "ఏం పర్లేదు బాబాయ్, ఓ ఎండకేస్తే పోద్ది" అన్నాడు అమ్మినాయన. సరేనన్నాను.

మూడో వారానికి మా గుర్రం దగ్గు. డాక్టర్ గారు వచ్చి గుర్రం దగ్గరికి వెళ్లలేదు, నేరుగా గడ్డి పాకలోకి వెళ్లారు. మధ్యలో ఒక కట్ట లాగి తాడు కోశారు. గడ్డి విడిపోలేదు, అట్టముక్కల్లా పొరలు పొరలుగా ఊడింది, పొరల మధ్య బూడిద రంగు పొడి, ఒక్కసారి పొగలా లేచింది. తడిసి ఆరిన గోనెసంచి వాసన. ఆయన ఇంజక్షన్ రాసేముందు "గుర్రాన్ని పాకలోంచి బయటికి తెచ్చి పది రోజులు చెట్టుకింద కట్టెయ్యి, తడిపిన గరిక పెట్టు" అన్నారు. పది రోజులకి దగ్గు సగం తగ్గింది. ఆ కట్టలన్నీ కొబ్బరి పాదుల్లోకి పోయాయి.

అప్పటినుంచి నేను చేసేది ఇది. డబ్బులిచ్చే ముందు, వరసగా:

1. పైదీ కిందదీ కాకుండా మధ్యలోంచి మూడు కట్టలు తీయించండి. పై వరసకి ఎండ తగులుతుంది, దాన్ని చూసి మోసపోతాం.
2. చెయ్యి మోచేతి దాకా లోపలికి దూర్చండి. వెచ్చగా ఉంటే లోపల ఉడుకుతోందని అర్థం. చల్లగా జిగటగా ఉన్నా వద్దు.
3. ఒక కట్ట తాడు కోయించండి. అమ్మేవాళ్లు విసుక్కుంటారు, ఆ కట్టకి డబ్బులిస్తానని చెప్పండి.
4. ఎండలో నిలబడి ఒక గుప్పెడు విదిలించండి. కింద పడే మట్టి వేరు, గాలిలో తేలే పొడి వేరు. తెల్లగా, బూడిదగా తేలి ఆగకుండా ఉంటే అది బూజు.
5. వాసన చూడండి, కాని ముక్కు దూర్చకండి. చెయ్యి వాసన చూస్తే చాలు. మనుషులకీ ఈ దుమ్ముతో ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. మంచి గడ్డికి తియ్యటి వాసన. ముక్కిన వాసన, పొగాకు వాసన, మాడిన బెల్లం వాసన ఉంటే వద్దు. కొన్ని గుర్రాలు ఆ బెల్లం వాసనకి ఎగబడి తింటాయి, "ఇష్టంగా తింటోంది కదా" అని మనం మురిసిపోతాం.
6. గుప్పెడు గడ్డి తీసి రెండు చేతులతో మెలి తిప్పండి. మూడు నాలుగు మెలికలకి ఫట్‌మని విరగాలి. మెలి పడుతూ సాగితే తేమ ఉంది.
7. కలుపు చూడండి: వయ్యారిభామ, తుంగ, ముళ్లు. గన్నేరు ఆకు ఒక్కటి కనబడినా ఆ గడ్డి వద్దు, ఎండినా దాని విషం పోదు. ఇళ్ల పక్క గట్ల మీద కోసిన గరికలో ఇది కలిసే వీలుంది.
8. చివరిసారి మందు ఎప్పుడు కొట్టారని రైతుని అడగండి. రొయ్యల చెరువుల గట్ల మీద కలుపుమందు కొడతారు, అక్కడి గరిక కొనేముందు ఇది తప్పదు.

ఇంకా అనుమానముంటే ఇంట్లో లెక్క తేల్చుకోవచ్చు. సరిగ్గా 100 గ్రాముల గడ్డి ముక్కలు చేసి, పక్కన గ్లాసుడు నీళ్లు పెట్టి మైక్రోవేవ్‌లో కొద్దికొద్దిగా ఎండబెట్టి తూచండి. బరువు ఇక తగ్గనంటే ఆపండి. 86 గ్రాములు మిగిలితే తేమ 14 శాతం. 15 లోపు ఉంటే ధైర్యంగా కొనొచ్చు. 20 దాటితే బూజు ఖాయం. మా ఇంట్లో మైక్రోవేవ్‌లో గడ్డి పెడితే ఎవరూ ఒప్పుకోరు, అందుకే ఒక పాతది కొన్నాను, అది వేరే సంగతి.

## 4. గరిక మీరే ఎండబెట్టుకుంటే

జనవరి నుంచి మే మధ్య పెట్టుకోండి. కంకి బాగా ముదరకముందే కోయాలి.

- మంచు ఆరాక, తొమ్మిదీ పది మధ్య కోయండి.
- పలచగా పరవండి, రోజుకి రెండుసార్లు తిరగెయ్యండి.
- సాయంత్రం నాలుగున్నరకి చిన్న కుప్పలు చేసి బరకం కప్పండి, పొద్దున్న మంచు ఆరాకే మళ్లీ పరవండి. రాత్రి మంచులో వదిలేస్తే పగలు ఎండినదంతా వృథా.
- మామూలుగా రెండు మూడు రోజులు చాలు. కణుపు దగ్గర గోటితో నొక్కితే చెమ్మ తగలకూడదు. ఆకు ఎండినా కణుపు ఎండదు, అందరూ బోల్తా పడేది ఇక్కడే.
- రోడ్డు మీద ఆరబెట్టకండి. లారీల నూనె, మట్టి, గాజుముక్కలు అన్నీ గుర్రం కడుపులోకే.

కొత్తగడ్డిని రెండు మూడు వారాలు ఆగి పెట్టడం మొదలెట్టండి, ఆ వేడి పోవాలి.

## 5. దాచడం

మంచి గడ్డి కొని తెచ్చి మన పాకలో పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ. ధవళేశ్వరం కిందకి ఎక్కడ చూసినా కాలవ, చెరువు, చేను. నేలలోంచి చెమ్మ పైకి లాగుతుంది.

నేల. గచ్చయినా సరే గడ్డి నేరుగా వేయకండి. చెక్క పాలెట్లు, లేకపోతే కొబ్బరి దుంగలు అడుగు ఎత్తున వేసి, వాటి మీద కర్రలు అడ్డంగా పరిచి పెట్టండి. కింద గాలి ఆడాలి, పిల్లి దూరాలి.

గోడ. అడుగు ఎడం. కట్టలు ఒకదానికొకటి నొక్కిపెట్టకండి, అరచెయ్యి పట్టేంత సందు ఉంచండి.

బరకం. గడ్డికి అంటుకునేలా చుట్టూ బిగించి కట్టడం మనవాళ్ల అలవాటు. లోపల చెమర్చి, పొద్దున్న ఎత్తి చూస్తే నీటి బొట్లు. పైన వాసాల మీద గుడారంలా వేసి, పక్కలు వదిలెయ్యండి. ముసురు రోజుల్లో గాలివాటం వైపు మాత్రం దించండి.

వేడి పరీక్ష. కొత్తగా పేర్చిన వాములో మొదటి మూడు వారాలు రోజూ గునపం మధ్యదాకా గుచ్చి, ఇరవై నిమిషాలాగి తీయండి. పట్టుకోగలిగేంత వెచ్చన అయితే కట్టలు విడదీసి గాలికి పెట్టండి. చెయ్యి కాలేలా ఉంటే వాము తానంతట తానే అంటుకునే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు వెంటనే కెలకకండి, గాలి తగిలి భగ్గుమంటుంది. గుర్రాన్ని దూరంగా తీసుకెళ్లి ఫైర్ వాళ్లకి ఫోన్ చేయండి.

ఎలుకలు. చేలల్లో వాడే జింక్ ఫాస్ఫైడ్ ఎర గడ్డి పాకలో పెట్టకండి. ఎలుక ఆ ఎర ఈడ్చుకెళ్లి గడ్డిలోనే దాస్తుంది, గుర్రం తింటుంది. బోను, బుట్ట, పిల్లి. దాణా మాత్రం మూతున్న డ్రమ్ములో.

గుర్రం నెత్తిన అటక మీద గడ్డి పేర్చడం చూడ్డానికి బాగుంటుంది, స్థలం కలిసొస్తుంది. కాని దుమ్మంతా రోజూ దాని ముక్కులోకే రాలుతుంది. గడ్డి పాక వేరుగా ఉండాలి.

వరదనీళ్లు తాకిన గడ్డి విషయంలో బేరాల్లేవు. కింద వరసే తడిసింది, పైది బాగానే ఉంది అంటారు. చెమ్మ రెండో వరసకి ఎక్కకుండా ఉండదు. తడిసిన వరసా దానిపై వరసా తీసి పారెయ్యండి.

## 6. రోజూ పెట్టే పద్ధతి

ముందు బరువు తెలియాలి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరిదాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతని చుట్టుకొలతతో గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టు 160, పొడవు 145 అయితే సుమారు 312 కిలోలు.

ఎండుమేత ఆ బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం. 200 కిలోల తట్టుకి 3 నుంచి 4 కిలోలు, 350 కిలోల మార్వాడీ జాతి గుర్రానికి 5 నుంచి 7 కిలోలు. అంచనా వద్దు, వేలాడే త్రాసు మీద తూచండి.

- రోజుకి నాలుగు విడతలు. కడుపు ఐదారు గంటలకు మించి ఖాళీగా ఉండకూడదు. రాత్రి విడత పెద్దది.
- గడ్డి ముందు, ఉలవలు తర్వాత. ఆకలి మీద దాణా గబగబా మింగితే కడుపునొప్పి.
- కట్ట విప్పే పని గుర్రం దగ్గర కాదు, బయట. మాస్క్ పెట్టుకోండి.
- విప్పాక పొర పొరా చేత్తో విడదీసి చూడండి. తీగ, ప్లాస్టిక్ తాడు, చచ్చిన ఎలుక. చచ్చిన జీవం కనబడితే ఆ ముక్క కోసి తీసేస్తే చాలదు, కట్ట మొత్తం తగలెయ్యండి.
- తల దించి తినేలా కిందే పెట్టండి, ముక్కులోకి దుమ్ము తక్కువ వెళ్తుంది, ఊపిరి గొట్టాల్లో చేరినది కారిపోతుంది. కాని నేల మీద కాదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసుక నేలల్లో గడ్డితో పాటు ఇసుక మింగి పేగులో పేరుకుంటుంది. రబ్బరు చాప గాని, వెడల్పు తొట్టి గాని వాడండి. అనుమానముంటే మూడు లద్దె ఉండలు బకెట్ నీళ్లలో కలిపి పది నిమిషాలాగి ఒంపండి, అడుగున ఇసుక ఎంతుందో కనిపిస్తుంది.
- కొత్త గడ్డికి మారేటప్పుడు వారం పది రోజులు తీసుకోండి. మొదట పావు వంతు, రెండు మూడు రోజులకి సగం, అలా.
- నీళ్లు ఎప్పుడూ ఉండాలి. ఎండాకాలం 30 లీటర్లు దాటి తాగుతుంది. తీరం దగ్గర బోరు ఉప్పుగా ఉంటే తాగడం తగ్గించేస్తుంది, ఆ ఊళ్లలో మంచినీళ్లు తెచ్చిపెట్టక తప్పదు.
- రాత్రి మిగిలిన గడ్డి పొద్దున్న తుడిచెయ్యాలి, కొత్తదాని కింద కలిపెయ్యకూడదు.

## 7. తడపడం, ఆవిరి పట్టడం

దుమ్ము తగ్గడానికి గడ్డిని వల సంచిలో వేసి పది పదిహేను నిమిషాలు పూర్తిగా నీళ్లలో ముంచి, వేలాడదీసి నీరు కారాక పెట్టండి. పైన నాలుగు చెంబులు చల్లితే లోపలి గడ్డి పొడిగానే ఉంటుంది, అది తడపడం కాదు.

కాలవ నీళ్లు వద్దు. నానిన నీళ్లు మళ్లీ వాడొద్దు, గేదెలకి పొయ్యొద్దు, పారబొయ్యండి.

మన ఉక్కలో తడిపిన గడ్డి త్వరగా పులుస్తుంది. రెండు మూడు గంటల్లో తినేంతే తడపండి, మిగిలింది తీసెయ్యండి. రాత్రంతా నానబెట్టి పొద్దున్న పెట్టేవాళ్లున్నారు. దాంతో దుమ్ము పోయి బాక్టీరియా వస్తుంది, ఉన్న పోషకాలూ నీళ్లలో పోతాయి.

ఉబ్బసం ఉన్న గుర్రానికి ఆవిరి ఇంకా మంచిది. ఇడ్లీ పాత్ర లెక్కే: పెద్ద డ్రమ్ములో అడుగున నీళ్లు, పైన చిల్లుల పళ్లెం, దాని మీద గడ్డి, మూత. గడ్డి నడిమధ్యలో థర్మామీటరు గుచ్చితే 100 డిగ్రీల దగ్గర్లో చూపించాలి, దానికి గంట దాకా పడుతుంది. అరవై డెబ్బై దగ్గర ఆపేస్తే సగం ఉడికిన వెచ్చటి తడిగడ్డి తయారవుతుంది, బాక్టీరియాకి అంతకంటే ఏం కావాలి.

ఒకటి గట్టిగా చెప్పాలి. ఆవిరితో బూజు బీజాలు చస్తాయి గాని, బూజు అప్పటికే చేసిపెట్టిన విషం పోదు. తడపడం, ఆవిరి రెండూ మంచి గడ్డిని ఇంకొంచెం మంచిగా చేయడానికే. పాడైన గడ్డిని బాగుచేసే ఉపాయం లేదు.

## 8. మామూలుగా జరిగే తప్పులు

"బూజు ఉన్నచోట తీసేసి మిగతాది పెడతా." కంటికి కనబడే బూజు చివర్లో వచ్చేది. పక్కన శుభ్రంగా కనిపిస్తున్న గడ్డిలోనూ బీజాలుంటాయి. కట్ట మొత్తం పక్కన పెట్టండి.

"ఎండలో వేస్తే బూజు చస్తుంది." తడి ఆరుతుంది, పొడి ఇంకా తేలిగ్గా లేస్తుంది. దగ్గు పెరుగుతుంది.

"గుర్రానికి పనికిరాకపోతే గేదెకి వేస్తాం." బూజుపట్టిన వరిగడ్డి తిన్న గేదెల్లో తోక చివర, చెవులు, గిట్టల దగ్గర కుళ్లిపోయే డెగ్నాలా అనే జబ్బు ఉత్తరాదిలో బాగా తెలిసిందే. పాదుల్లో వేసుకోండి.

"గేదె తింటోంది కాబట్టి గుర్రమూ తింటుంది." గేదెకి నెమరేసే పొట్ట ఉంది. గుర్రం కనీసం వాంతి కూడా చేసుకోలేదు, లోపలికి వెళ్లింది పేగు దాటాల్సిందే.

దగ్గు రాగానే గడ్డి మానిపించి ఉలవలు పెంచడం. ఇది దగ్గు కంటే ప్రమాదం. కడుపునొప్పి, కాళ్ల గిట్టల్లో వాపు వస్తాయి. గడ్డి మార్చాలి, మానకూడదు.

పడకగా ఊక గాని పొట్టు గాని పరవడం. మేత తడిపి, పడక కింద దుమ్ము ఊక వేస్తే చేసిన పనంతా పోయింది. పడుకునే చోట రబ్బరు చాప చాలు.

## 9. అనుమానం వస్తే

గుర్రం బాగున్నప్పుడే దాని లెక్కలు రాసిపెట్టుకోండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి ఊపిరి 8 నుంచి 16, నాడి 28 నుంచి 44, వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్. డొక్క చూస్తూ ఊపిరి లెక్కపెట్టడం పిల్లలకి కూడా నేర్పొచ్చు.

జ్వరం లేకుండా మేత దగ్గర దగ్గు: గుర్రాన్ని గాలి ఆడే చోటికి మార్చి, గడ్డి తడిపి, వారంలో డాక్టర్‌కి చూపించండి.

జ్వరం, చీమిడి, దవడ కింద గడ్డలు: ముందు వేరుగా కట్టండి. బకెట్, తొట్టి, కళ్లెం వేరు చేయండి. అదే రోజు డాక్టర్. జ్వరం మాత్రం ఎప్పుడూ గడ్డిదే అనుకోకండి, మన దగ్గర జోరీగలతో వచ్చే సర్రా (రక్తంలో పరాన్నజీవి చేరే జబ్బు) కూడా ఉంది, రక్తపరీక్ష చేయించాలి.

కింది వాటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్‌ని పిలవండి, దొరకకపోతే పశువుల అంబులెన్స్ 1962కి ఫోన్ చేయండి:

- మింగలేకపోవడం, నాలుక వేలాడటం, ముక్కులోంచి మేత రావడం
- ఒళ్లు కర్రలా బిగుసుకోవడం, కంటి మూలనుంచి తెల్లపొర ముందుకి రావడం
- కాళ్లతో నేల తవ్వడం, డొక్క వైపు తిరిగి చూడటం, దొర్లడం, లద్దె ఆగిపోవడం
- నీళ్ల విరేచనాలు
- గుండ్రంగా తిరగడం, గోడకి తల ఆనించి నిలబడటం

డాక్టర్ వచ్చేలోపు నోట్లో నూనె, కషాయం ఏదీ పొయ్యకండి. మింగలేని గుర్రానికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉన్న మేత తీసేసి, పెట్టిన కట్టని పారెయ్యకుండా పక్కన ఉంచండి. దాంట్లోంచి రెండు గుప్పిళ్లు కాగితం సంచిలో వేసి, ఎక్కడ కొన్నదీ ఎప్పుడు విప్పిందీ పైన రాయండి. ప్లాస్టిక్ కవర్‌లో వేస్తే చెమర్చి కొత్త బూజు పడుతుంది, ఏది పాతదో ఏది కొత్తదో డాక్టర్‌కి తెలియదు.